అవధానము – పరాకు

కడచిన సంవత్సరము మన పాఠశాల సభామందిరమున నొక అష్టావధానము జరిగినది. సాయంకాలము నాలుగు గంటలకు మొదలై దీపములు పెట్టిన పిదప గాని ముగియలేదు. విద్యార్థులలో ననేకులు అట్టి సభను అంతకు ముందు చూచినవారు కారు. పద్యముల యర్థము కొందఱికి బోధపడకపోయినను, ఎనమండుగురు పృచ్ఛకుల నడుమ అవధానిగారు చలింపక కూర్చుండిన తీరు అందఱి మనస్సులను ఆకర్షించినది. సభ ముగిసినంతనే పదవ తరగతి విద్యార్థి యొకడు మా యొద్దకు వచ్చి, "మాస్టారూ, మేం రోజూ చేసేదీ ఇదే కదండీ! పాఠం చదువుతూ పాట వింటాం, మధ్యలో ఫోన్‌లో జవాబులిస్తాం, క్రికెట్ స్కోరు చూసుకుంటాం. అష్టావధానం కాకపోయినా సగమైనా కాదా?" అని యడిగెను. చుట్టునున్నవారు నవ్విరి. మేమును నవ్వి యూరకుంటిమి. కాని యింటికి పోవు త్రోవలో ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. అతడు పరిహాసమునకే యడిగియుండవచ్చును. అయినను ఆ ప్రశ్నలో నేటి కాలపు చిక్కంతయు నిమిడియున్నట్లు తోచినది. ఈ వ్యాసము మే మానాడు చెప్పవలసియుండియు చెప్పలేకపోయిన యుత్తరము.

మొదట అవధానమన నేమో చూతము. అవధానమను సంస్కృతపదమునకు మనస్సును ఒకచోట నిలుపుట యని యర్థము. ఆ పేరుతో మన తెలుగువా రొక సాహిత్యక్రీడను కల్పించి పెంచుకొనిరి. అష్టావధానమున ఎనమండుగురు పృచ్ఛకులు అవధానిని చుట్టియుందురు. ఒకరు అర్థము పొసగనట్టి పద్యపాదమును సమస్యగా నిచ్చి పూరింపుమందురు. ఒకరు నాలుగు మాటలనిచ్చి, వానిని పాదమున కొక్కటిగా పొదిగి తాము కోరిన విషయముపై పద్యము చెప్పుమందురు. దీనికి దత్తపది యని పేరు. ఇడ్లీ, వడ, సాంబారు, చట్నీ యను మాటలతో రామాయణార్థమున పద్యమడుగు చమత్కారులును లేకపోలేదు. నిషిద్ధాక్షరి పట్టినవారు అవధాని యొక్కొక్క యక్షరము పలుకగానే తరువాత రాగల యక్షరమును ఊహించి దానిని నిషేధింతురు. వ్యస్తాక్షరి యిచ్చువారు ఒక వాక్యములోని యక్షరములను తారుమారుగా, నడుమనడుమ, చీటీలమీద వ్రాసి యిత్తురు. ఇన్ని పనుల మధ్య ఒకరు గంటను మ్రోగించుచుందురు. ఎన్ని దెబ్బలు కొట్టినదియు తుదకు లెక్క చెప్పవలయును. ఇంకొకరు అప్రస్తుత ప్రసంగము చేయుదురు. అనగా, ప్రస్తుతముతో సంబంధములేని ప్రశ్నలు వేసి నవ్వించి అవధాని ధ్యాసను చెదరగొట్టుటయే వారి పని. మన సభలో విద్యార్థుల చప్పట్లన్నియు వారికే దక్కినవని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇచ్చట గమనింపవలసిన సంగతి యొకటి కలదు. అవధాని ఎనిమిది పనులను ఏకకాలమున చేయుటలేదు. సమస్య యిచ్చినవారు ముందు మాటాడుదురు. దానికి మొదటి పాదము చెప్పి యంతటితో నిలుపును. పిదప దత్తపదికి తిరుగును. దానికిని ఒక్క పాదము. ఇట్లు ఆవృత్తి కొక్క పాదము చొప్పున నాలుగావృత్తులలో పద్యములు పూర్తియగును. సమస్యవైపు తిరిగియున్నప్పుడు మనస్సంతయు సమస్యమీదనే యుండును. దత్తపదివైపు తిరిగినప్పుడు సమస్య యొక మూల మూతపెట్టి భద్రపఱచినట్లుండును. ఆ మూతపెట్టుటయే విద్య. తుదకు ధారణ యనునది వచ్చును. చెప్పిన పద్యముల నన్నింటిని, ఏ కాగితమును చూడక, వరుసగా నప్పగించుట యిది. ధారణ చేయలేనిచో ఎన్ని చక్కని పద్యములు చెప్పినను అవధానము నెగ్గినట్లు కాదు.

మఱి ఇన్ని పద్యములు మనస్సున నెట్లు నిలుచును? అది దైవదత్తమైన శక్తి యని కొందఱందురు. సహజప్రతిభ కొంత యుండవచ్చును గాని, కంటికి కనబడు ఉపాయములును ఉన్నవి. ఉత్పలమాలకు పాదమున కిరువది యక్షరములు, పదియవ యక్షరము యతిస్థానము, రెండవ యక్షరము ప్రాస. చంపకమాలకు ఇరువదియొక్క యక్షరములు, యతి పదునొకండవ చోట. ఈ కట్టుబాట్లు కవికి సంకెళ్ళని మన మనుకొందుము; అవధానికి మాత్రము అవి గోడకు కొట్టిన మేకులు. ఎనుబది యక్షరములను విడివిడిగా జ్ఞాపకముంచుకొనుట దుర్లభము. లయయు, యతిప్రాసలును, అర్థమును కలిపి పట్టుకొన్నచో అవి యన్నియు ఒక్క పద్యమగును. మనస్సు ఒక్కమాఱు పట్టగల యంశములు చాల కొద్ది. 1956లో జార్జి మిల్లరను అమెరికా మనస్తత్త్వవేత్త ఆ సంఖ్య ఏడు, అటునిటు రెండు అని వ్రాసెను. 2001లో నెల్సన్ కోవన్ అనునతడు ఆ లెక్కలను మరల పరిశీలించి అది సుమారు నాలుగే యని వాదించెను. నాలుగే యైనను, ఒక్కొక్కటి యొక పెద్ద మూటయైనచో చాల బరువును మోయవచ్చును. మూటకట్టుటకు కావలసినది సాధన, శ్రద్ధ.

ఈ విద్యను ఊరూర వ్యాపింపజేసినవారిలో తిరుపతి వేంకట కవులు ముఖ్యులు. దివాకర్ల తిరుపతి శాస్త్రిగారు (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రిగారు (1870–1950) జంటగా గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి మొదలగు సంస్థానములు తిరిగి అవధానములు చేసిరి. నూర్గురు పృచ్ఛకులతో శతావధానములు చేసి మెప్పించిరి. వేంకట శాస్త్రిగారు బందరులో ఉపాధ్యాయులుగ నుండి గొప్ప శిష్యులను తయారుచేసిరి. ఒక బడిపంతులు అట్టివాడుండెనని తలచుకొన్నప్పుడు మావంటి బడిపంతుళ్ళకు కొంచెము గర్వమును, చాల సిగ్గును కలుగును. ఏల సిగ్గో ముందు చెప్పెదము.

ఇక విద్యార్థి చేసిన నాలుగు పనుల మాట. పాఠము చదువుచు ఫోనులో జవాబిచ్చువాడు రెండు పనులు ఒక్కమాఱు చేయుచున్నానని యనుకొనును. నడచుచు మాటలాడుట వంటి అలవాటుపడిన పనులు కలిసి సాగవచ్చును; కాని ఆలోచన కావలసిన పనులు రెండు కలిసి సాగవు. మనస్సు దీనినుండి దానికి, దానినుండి దీనికి దుముకుచుండును. అవధానియు దుముకుచునే యున్నాడు గదా యనవచ్చును. భేదమెచ్చటనన, అవధాని ఒక పాదము పూర్తిచేసి, దానికి తాళము వేసి కదలును. విద్యార్థి లెక్క సగములో నుండగా ఫోను మ్రోగును. సగము లెక్క మూతలేని పాత్రవలె అట్లే యుండిపోవును. 2009లో సోఫీ లెరాయ్ అను విదుషి దీనినే ప్రయోగములతో పరీక్షించినది. ఒక పనినుండి మఱియొక పనికి మాఱినవారి ధ్యాసలో కొంత భాగము వెనుకటి పనియొద్దనే మిగిలిపోవుచున్నదనియు, వెనుకటి పని ముగియకుండ విడిచివచ్చినప్పుడు ఈ శేషము మఱింత పట్టుకొని కొత్త పనిని చెఱచుచున్నదనియు ఆమె చూపినది. అవధాని తాళము వేయుట మన పెద్దలు అనుభవమున కనుగొన్న విఱుగుడు.

రెండవ భేదము ఇంతకంటె పెద్దది. అవధానసభలో అప్రస్తుత ప్రసంగి యొక్కడే. అతనికి ఆసనము కలదు, సమయము కలదు, హద్దు కలదు. సభాధ్యక్షులు చాలునన్నచో ఊరకుండును. మన చేతి ఫోనులోని అప్రస్తుత ప్రసంగికి హద్దు లేదు, అధ్యక్షుడును లేడు. పైగా, అతడు తన పృచ్ఛనే ముఖ్యమని మనలను నమ్మించును.

ఇది యెంత త్వరలో జరిగినదో పిల్లలకు తెలియదు, పెద్దలు మఱచిరి. మన దేశమున చేతి ఫోనుపై మొదటి సంభాషణ 1995 జూలై 31న కలకత్తాకును ఢిల్లీకిని నడుమ జరిగినది. 2007లో అమెరికాలో ఐఫోను వెలువడినది. 2013 జూలై నెలలో మన దేశమున బి.ఎస్.ఎన్.ఎల్. వారి టెలిగ్రాము సేవ ముగిసినది. నూటయేబది సంవత్సరములకు పైబడి నడచిన టెలిగ్రాము పోయినప్పుడు అనేకులకు తెలియనే లేదు. మా చిన్ననాట టెలిగ్రామువాడు వీథిలోనికి వచ్చినచో చదువక ముందే ఆడవారు కన్నీరు పెట్టుకొనుట మేమెఱుగుదుము. చెడువార్త అంత యరుదుగా వచ్చెడిది. వచ్చినప్పుడు అది మన యింటిదిగనో మన బంధువులదిగనో యుండెడిది. ఇప్పుడో, ప్రపంచమునందలి ప్రతి యగ్నిప్రమాదమును, ప్రతి హత్యయును, ప్రతి వరదయును మన పడకయొద్దకు వచ్చుచున్నవి. వానిలో నూటికి తొంబదితొమ్మిదింటి విషయమున మనము చేయగలిగినది లేదు. కాని గుండె మాత్రము మన యింటిదే యన్నట్లు కొట్టుకొనును.

ఈ పనిముట్లు మనలను వదలకుండుటకు కారణము మన బలహీనత యొక్కటియే కాదు. వానిని అట్లే నిర్మించిరి. 2006లో ఎజా రాస్కిన్ అను నిర్మాత, పుట చివర లేకుండ, వ్రేలితో తోసినకొలది క్రిందికి సాగుచునేయుండు ఏర్పాటును కల్పించెను. పుస్తకమునకు అధ్యాయము చివర నొక యాగుచోటుండును. అచ్చట తల యెత్తి, చాలునా యని మన మాలోచింతుము. ఆ యాగుచోటును తీసివేసినందుకు ఆయనయే తరువాతి కాలమున విచారము వెలిబుచ్చెను. ఇంకొక సూత్రము పావురములనుండి నేర్చినది. బి.ఎఫ్. స్కిన్నరను శాస్త్రజ్ఞుడు పావురము మీటను పొడిచినప్పుడెల్ల గింజవేయక, ఎప్పుడు పడునో తెలియకుండ వేసిచూచెను. అట్టి పావురము విడువక పొడుచుచునే యుండెను. ఫోను తీసినప్పుడెల్ల మంచి కబురుండదు, ఎప్పుడో యొకప్పుడుండును. అందుచేతనే మాటిమాటికి తీయుచున్నాము. ఇది తెలిసినంతనే అలవాటు పోదు, నిజమే. కాని తన్ను తాను తిట్టుకొనుట మానుటకైనను ఈ జ్ఞానము పనికివచ్చును.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములోని గ్లోరియా మార్క్ అను పరిశోధకురాలు ఉద్యోగులు తెరమీద ఒక విషయమును ఎంతసేపు చూచుచున్నారో సంవత్సరములతరబడి లెక్కించినది. 2004 ప్రాంతమున సగటున 150 సెకనులు. 2012లో 75 సెకనులు. ఇటీవలి లెక్కలలో సుమారు 47 సెకనులు. ఉత్పలమాల నొకదానిని నిదానముగ చదివి యర్థము చెప్పుకొనుటకు ఈ కాలము చాలదు.

మన భాషలో పరాకు అను చక్కని మాట యొకటి యున్నది. దానికి ఏమరుపాటని యర్థము. మఱల రాజు కొలువునకు వచ్చునప్పుడు "బహుపరాకు" అని హెచ్చరిక పలికినప్పుడు అదే మాటకు జాగ్రత్త యను నర్థము వచ్చినది. ఏమరుపాటునకును హెచ్చరికకును ఒక్క మాట యుండుట మాకెప్పుడును వింతగ తోచెడిది. తన పరాకును తాను గుర్తించిన క్షణముననే హెచ్చరిక మొదలగునని ఇప్పుడు అనుకొనుచున్నాము. ఆ గుర్తు మాకు ఎట్లు కలిగినదో దాచుకొనక చెప్పుటయే న్యాయము.

కొన్ని యేండ్ల క్రిందట, ఒక శనివారము మధ్యాహ్నము బడి విడిచిన తరువాత వరండాలో నిలుచుండి మేము ఫోను చూచుకొనుచుంటిమి. అత్యవసరమైన కార్యమేమియు కాదు. పాత మిత్రుల వాట్సాప్ కూటమిలో బంగినపల్లి గొప్పదా, చెఱకురసము గొప్పదా యను వివాదము సాగుచున్నది; దానికి మే మొక సమాధానము వ్రాయుచున్నాము. తొమ్మిదవ తరగతి బాలుడొకడు వచ్చి ప్రక్కన నిలిచెను. మెల్లగ ఏమో చెప్పెను. "మా నాన్న" అను మాటయు, "సోమవారం నుంచి" అను మాటయు చెవిని పడినవి. తల యెత్తకయే "సరే, సరే" అంటిమి. వా డొక నిమిషము నిలిచి, నమస్కారము చేసి పోయెను. సోమవారము వాని స్థానము ఖాళీగ నుండెను. జ్వరమై యుండునని తలచితిమి. పది దినములు గడచిన పిమ్మట తోటిపిల్లలవలన తెలిసినది: తండ్రి కట్టుచున్న మేడపైనుండి జారి కాలు విఱుగగొట్టుకొనెను, కొడుకును పట్టణములో లారీలు బాగుచేయు షెడ్డులో పనికి పెట్టిరి.

మేము పోయి చూచితిమి. వాని చేతులనిండ గ్రీజు. "ఎందుకురా నాతో చెప్పలేదు?" అని యడిగితిమి. వాడు తెల్లబోయి, "చెప్పానుగా మాస్టారూ! మీరు సరే అన్నారు" అనెను. ఆ మాటలో నిష్ఠురమేమియు లేదు. మా "సరే" ను వాడు అనుమతి యని నమ్మి పోయినాడు. పేద విద్యార్థుల సహాయార్థము పాఠశాలయం దొక చిన్న నిధి యున్నది. ఆ శనివారమే వినియున్నచో వారములో సంగతి చక్కబడియుండెడిది. ఆలసించినందున తండ్రి అప్పు పెరిగినది, షెడ్డువాని యొద్ద తీసికొన్న బయానా తీర్చవలసివచ్చినది. బాలుడు మరుసటి జూను నెలలో గాని తిరిగి రాలేదు. ఒక సంవత్సరము పోయినది. మామిడిపండ్ల వివాదములో మేము నెగ్గితిమో లేదో ఇప్పుడు జ్ఞాపకము లేదు.

ఎఱుక, శ్రద్ధ యను మాటలు వినినప్పుడు కొందఱు అవి కన్నులు మూసి కూర్చుండువారికి సంబంధించినవని తలతురు. ఎదుటివాడు మాటాడునప్పుడు తల యెత్తుట వాని మొదటి మెట్టని మాకు ఆ షెడ్డులో తెలిసినది.

ఈ ఎఱుకకును సంతోషమునకును గల సంబంధమును గూర్చియు కొంత చెప్పవలయును. 2010లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అను హార్వర్డు పరిశోధకులు 2250 మంది పెద్దలను ఫోను ద్వారానే వేళగాని వేళ పలుకరించి, ఇప్పుడేమి చేయుచున్నారు, మనస్సు దానిమీదనే యున్నదా, ఎట్లున్నారు అని ప్రశ్నించిరి. (అప్రస్తుత ప్రసంగిచేతనే ఈ పని చేయించుట చమత్కారమే.) నూటికి సుమారు 47 పర్యాయములు మనస్సు చేయుచున్న పనిమీద లేదని తేలినది. మనస్సు వేఱొకచోట నున్నప్పుడు జనులు తక్కువ సంతోషముగ నుండిరి. ఇష్టమైన సంగతులను తలచుచున్నప్పుడు సయితము, చేయుచున్న పనిమీద ధ్యాస నిలిపినవారికంటె ఎక్కువ సుఖముగ లేరు. అంట్లు తోముటవంటి విసుగుపుట్టించు పనియైనను మనస్సుపెట్టి చేసినచో కొంత తేలికపడుట మన యిండ్లలో అమ్మలు ఎఱిగినదే. అయితే మనస్సు తిరుగుట యెల్ల చెడ్డదని మేమనము. కవికి, శాస్త్రజ్ఞునికి ఆ విహారమే పెట్టుబడి. మనము పంపగా పోవుట వేఱు, ఎవరో లాగగా పోవుట వేఱు.

మంచివైపు చూచుట యను సంగతియు ఇట్టిదే. మనుష్యుని మనస్సు చెడును త్వరగ పట్టును, మంచిని ఆలస్యముగ పట్టును. 2001లో రాయ్ బామిస్టరును అతని సహచరులును అనేక పరిశోధనలను పోల్చి, చెడు అనుభవముల బలము మంచివానికంటె హెచ్చని నిర్ణయించిరి. పది మంది మెచ్చి యొక్కడు వెక్కిరించినచో రాత్రి నిద్రపట్టనీయనిది ఆ వెక్కిరింతయే గదా. అడవిలో తిరిగిన కాలమున పామును మఱచినవాడు బ్రదుకలేదు, పండును మఱచినవాడు బ్రదికినాడు. ఆ పాత బుద్ధి మనలను ఇంకను విడువలేదని కొందఱు ఊహింతురు. కావున మంచిని చూచుటకు ప్రయత్నము కావలయును. 2003లో ఎమ్మన్స్, మెకల్లో అనువారు కొందఱు విద్యార్థులచేత వారమున కొకమాఱు తాము కృతజ్ఞులై యుండదగిన సంగతులను అయిదింటివఱకు వ్రాయించిరి. చిక్కులను వ్రాసినవారికంటె వీరు తమ జీవితమును గూర్చి మేలుగ తలచిరి. ఇది సర్వరోగనివారిణి కాదు. తరువాతి పరిశోధనలలో దీని ఫలితము కొద్దిపాటిదిగనే కనబడుచున్నది. అయినను ఖర్చులేని పని.

ఇచ్చట నొక హెచ్చరిక చేయక తీఱదు. ఇంటిలో బియ్యము లేనివానికి "మంచివైపు చూడుము" అనుట క్రూరత్వము. ఆ షెడ్డులోని బాలునికి కావలసినది చిఱునవ్వును గూర్చిన ఉపన్యాసము కాదు. ఫీజును, తండ్రి మందులును. నేటి పుస్తకములలో కొన్ని లోకములోని కష్టములన్నియు మన చూపులోనే యున్నట్లు వ్రాయుచున్నవి. మే మంగీకరింపజాలము. శ్రద్ధ కష్టమును మాయము చేయదు. కష్టము ఎచ్చటనున్నదో కనబడునట్లు చేయును.

ఈ ఎఱుక యను సాధన నిన్న మొన్న పశ్చిమదేశములలో పుట్టినది కాదు. బౌద్ధుల పాళీగ్రంథములలో దీనికి "సతి" యని పేరు. అది సంస్కృతమున "స్మృతి". 1881లో రీస్ డేవిడ్స్ అను పండితుడు ఆ మాటకు నేడు లోకమంతట వ్యాపించిన ఇంగ్లీషు పదమును వాడెను. 1979లో జాన్ కబట్-జిన్ అనువారు అమెరికాలోని మసాచుసెట్స్ వైద్యకళాశాలలో దీనిని మతముతో ముడిపెట్టక, తీఱని నొప్పులతో బాధపడువారికి శిక్షణగ నేర్పసాగిరి. స్మృతి యన జ్ఞప్తి. ఈ క్షణముననుండుట యనుదానికి జ్ఞప్తి యను పేరేల? ఏ పనికి కూర్చుంటిమో దానిని మఱవకుండుట యని మేము అర్థము చేసికొన్నాము. అవధాని ధారణయు అదియే. అమరావతిలో, నాగార్జునకొండలో ఒకప్పుడు ఈ సాధన చేసిన భిక్షువులు మన కృష్ణాతీరమువారే.

మన ప్రాంతమునకే చెందిన ఇంకొక దృష్టాంతము. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారు జీవితమంతయు ఈ శ్రద్ధను గూర్చియే మాటాడిరి. ఆయన ఆశయములతో మదనపల్లె సమీపమున నడచుచున్న ఋషివ్యాలీ పాఠశాలలో సాయంకాలము పిల్లలు నిశ్శబ్దముగ కూర్చుండి సూర్యాస్తమయమును చూచు ఆచారము కలదు. పాఠ్యప్రణాళికలో మార్కులు లేని యంశమిది. పరీక్షల కాలమున దీనిని తలచుకొని మేము అసూయపడుదుము.

మనము చేయదగినదేమని విద్యార్థులు అడుగవచ్చును. మేము చేసి చూచినవి మాత్రము చెప్పెదము. చదువునప్పుడు ఫోనును వేఱొక గదిలో నుంచుట మొదటిది. బల్లమీద బోర్లించి పెట్టినను, సంచిలో పెట్టినను చాలదు; 2017లో ఏడ్రియన్ వార్డు మొదలగువారు చేసిన ప్రయోగమున ఫోను వేఱు గదిలో నున్న విద్యార్థులే పరీక్షలలో మేలుగ నుండిరి. తరువాత చేసిన ప్రయోగములన్నింటను ఈ ఫలితము రాలేదు. అయినను మా యనుభవము మొదటివారి పక్షముననే యున్నది. వార్తలను రోజున కొకమాఱు, పగటివేళ, పత్రికలోనే చదువుట రెండవది. పత్రికకు చివరి పుట యుండును. పని మధ్యలో లేవవలసివచ్చినచో, ఎచ్చట ఆపితిమో యొక పంక్తి వ్రాసి లేచుట మూడవది. దీనిని అవధానిగారినుండి గ్రహించితిమి. మూత పెట్టుట యన్నమాట. అన్నిటికంటె కష్టమైనది, ఎవరైన వచ్చి పలుకరించినప్పుడు చేతిలోనిది క్రింద పెట్టుట. ఇప్పటికిని నూటికి ముప్పదిమాఱులు తప్పుచున్నాము.

ఈ సంవత్సరము మా తరగతిలో నొక చిన్న యలవాటు ప్రారంభించితిమి. మన బడిగంట వేపచెట్టునకు వ్రేలాడు రైలుపట్టా ముక్క యని అందఱికి తెలిసినదే. మొదటి గంటకు ఎన్ని దెబ్బలు కొట్టునో కొట్టు నౌకరునకే నిశ్చయము లేదు. ఒకనాడు తొమ్మిది, ఒకనాడు పదునాలుగు. ఆ దెబ్బలను లోలోపల లెక్కించుచు, కడపటి దెబ్బ నాదము పూర్తిగ అణగువఱకు వినవలయునని యేర్పాటు. నాదము మనము తలచినదానికంటె చాలసేపు నిలుచును; చివర నది వేపాకుల చప్పుడులో కలిసిపోవును. మొదటి వారము నలుబదిమందిలో ఆరుగురు సరిగ లెక్కించిరి. ఇప్పుడు ముప్పదిమందికి తప్పుట లేదు. లారీ షెడ్డునుండి తిరిగివచ్చిన బాలుడు ఒక్కనాడును తప్పలేదు. మోటారు ఇంజను చప్పుడు వినియే దోషమెచ్చటనో చెప్పుట అచ్చట నేర్చితినని వాడు చెప్పుచున్నాడు.

మొన్న సోమవారము గంట మ్రోగినది. తరగతి పదునొకండు అనెను. మేము పది యంటిమి. అందఱును ఒకరి మొగము లొకరు చూచుకొనిరి. ఏడవ దెబ్బయొద్ద మా జేబులో ఫోను వణకిన సంగతి వారి కెవరికిని చెప్పలేదు. మఱునాటినుండి దానిని ఉపాధ్యాయుల గదిలో పెట్టి వచ్చుచున్నాము.